పైట మాటున ఉండిపోయిన ప్రశ్న

"పైట ఉంది కదమ్మా, ఎవరికి తెలుస్తుంది?"

రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన ఆడమనిషికి మన ఇళ్లలో దొరికే ఓదార్పు ఇది. అనేవాళ్లు ప్రేమతోనే అంటారు. ప్రాణం దక్కింది, అంతకంటే ఏం కావాలన్న సంతోషం ఆ మాటలో ఉంటుంది. కానీ పైట చూసేవాళ్ల కళ్లకే అడ్డం. స్నానాల గదిలో ఒంటి మీద నీళ్లు పోసుకునేటప్పుడు ఆమెకి తెలుస్తూనే ఉంటుంది. పెట్టెలోని జాకెట్లన్నీ ఒకవైపు వదులైపోతాయి. బ్రాలో కుక్కుకున్న దూదికి బరువుండదు కాబట్టి అది కాసేపటికే పైకి జరుగుతుంది. పెళ్లిలో నలుగురి మధ్య కూర్చున్నప్పుడు చెయ్యి తనంతట తానే దాన్ని కిందికి సర్దుతుంది.

మన దేశంలో ఆడవాళ్లకి వచ్చే క్యాన్సర్లలో మొదటిది ఇదే. 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదే దాదాపు 1,92,000 మందికి కొత్తగా వచ్చింది. పడమటి దేశాలతో పోలిస్తే మన దగ్గర సుమారు పదేళ్లు ముందే, నలభైల్లో, యాభైల్లో ఎక్కువగా కనిపిస్తోంది. అంటే ఆపరేషన్ తర్వాత ఇంకా ముప్పై ఏళ్లు బతకాల్సిన ఒళ్లు అది. తీసేసిన రొమ్ము స్థానంలో మళ్లీ ఒక ఆకారం కట్టే పునర్నిర్మాణ శస్త్రచికిత్సలు చాలా రకాలున్నాయి. వాటిలో ఏది మంచిదని అందరూ అడుగుతారు. ఈ విషయం చదివినకొద్దీ నాకు అంతకంటే ముఖ్యమనిపించినది వేరే ఉంది. ఆ మాట ఆమెతో ఎప్పుడు ఎత్తారు? మొదటి కోత పడక ముందా, పడిన తర్వాతా? మంచి దారుల్లో సగం ఆ మొదటి కోతతోనే మూసుకుపోతాయి.

ఆడమనిషిని అడగకపోవడం ఈ వైద్యంలో మొదటినుంచీ ఉన్న జబ్బు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలోని బాల్టిమోర్‌లో విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్ రొమ్ముతో పాటు ఛాతీ కండరాలనీ, చంకలోని గ్రంథులనీ కలిపి తీసేసే పద్ధతిని స్థిరపరిచాడు. గడ్డ మళ్లీ రాకుండా చూడడమే ఆయన ధ్యేయం. ఆ చోట కొత్త ఆకారం కట్టడానికి ఆయన వ్యతిరేకి. ఆయన మాట దశాబ్దాల పాటు వేదమైంది. విచిత్రం ఏమిటంటే అదే కాలంలో, 1895లో, జర్మనీలో విన్సెంజ్ చెర్నీ అనే సర్జన్ ఒకామె నడుము దగ్గరున్న కొవ్వు గడ్డని తీసి, ఖాళీ అయిన రొమ్ములో అమర్చాడు. పునర్నిర్మాణ చరిత్రకి అది మొదటి అడుగు. ఆ అడుగు వెనక రెండో అడుగు పడడానికి చాలా ఏళ్లు పట్టింది.

1970ల దాకా అమెరికాలో ఒక ఆనవాయితీ ఉండేది. గడ్డ పరీక్ష కోసం మత్తిచ్చేవారు. ముక్క తీసి చూసి, క్యాన్సర్ అని తేలితే ఆ మత్తులోనే రొమ్ము తీసేసేవారు. రొమ్ము ఉందో పోయిందో ఆమెకి మెలకువ వచ్చాకే తెలిసేది. 1974లో తనకే ఈ జబ్బు వచ్చిన పాత్రికేయురాలు రోజ్ కుష్నర్ దీని మీద పోరాడింది. 1979లో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ వేసిన నిపుణుల సంఘంలో ఆమెకీ చోటిచ్చారు. పరీక్ష వేరు, ఆపరేషన్ వేరు, మధ్యలో ఆమెకి ఆలోచించుకునే వ్యవధి ఉండాలని ఆ సంఘం తేల్చింది. పునర్నిర్మాణం గురించి ఈ రోజు మాట్లాడుకోగలుగుతున్నామంటే ఆ వ్యవధి పుణ్యమే.

ఆ తర్వాత మరో గోడ కూలింది. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలోని మిలాన్‌లో ఉంబెర్టో వెరొనేసీ అనే సర్జన్లు వందలాది మంది స్త్రీల మీద ఏళ్ల తరబడి పోల్చి చూశారు. 2002లో ఇద్దరి ఇరవై ఏళ్ల ఫలితాలూ వచ్చాయి. తొలిదశ గడ్డని చుట్టూ కొంత కండతో తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్మంతా తీసినా ఆయుష్షులో తేడా లేదు. కాబట్టి పునర్నిర్మాణం గురించి మాట్లాడేముందు అడగాల్సింది, అసలు రొమ్ము మొత్తం తీయక తప్పదా అని. గడ్డ పెద్దదైతే ముందు కీమో ఇచ్చి కుదించి, తర్వాత దాన్ని మాత్రమే తీసే వీలు చాలామందికి ఉంటుంది. తీసిన చోట గుంట పడకుండా మిగిలిన కండనే అటూ ఇటూ సర్ది, అవసరమైతే రెండో రొమ్మునీ తగ్గించి సమానం చేసే పద్ధతిని ఆంకోప్లాస్టీ అంటారు. పక్కటెముకల వైపునుంచి చిన్న కొవ్వు ముక్కని తిప్పి ఆ గుంటని నింపడమూ ఇందులో భాగమే. మైక్రోస్కోపుతో పని లేదు, ఖర్చు తక్కువ, శిక్షణ పొందిన రొమ్ము సర్జనే చేయగలరు. మన రాష్ట్రాల పరిస్థితికి అన్నిటికంటే ముందు విస్తరించాల్సింది ఇదేనని నా అభిప్రాయం. రొమ్ము పోలేదు కాబట్టి దీన్ని పునర్నిర్మాణం అని చాలామంది అనరు, అందుకే దీని గురించి పెద్దగా చెప్పరు కూడా.

రొమ్మంతా తీయక తప్పదని తేలితే అప్పుడు రేడియేషన్ సంగతి తేల్చాలి. ఊళ్లలో కరెంటు పెట్టడం అంటారు. మిగతా నిర్ణయాలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. రొమ్ము తీసేటప్పుడే కొత్తది కట్టడం ఒక పద్ధతి. చికిత్స అంతా ముగిశాక నెలలకో ఏళ్లకో కట్టడం ఇంకో పద్ధతి. మొదటిదాంట్లో లాభం చర్మం. పై చర్మాన్ని, జబ్బు అటువైపు పాకకపోతే చనుమొనని కూడా, ఉంచి లోపలి గ్రంథి మాత్రమే తీయొచ్చు. సొంత చర్మపు సంచీ ఉంటే లోపల ఏం నింపినా సహజంగా ఉంటుంది. ముందు మాట్లాడుకోకుండా మామూలు పద్ధతిలో రొమ్ము తీసి, అడ్డంగా కుట్టేస్తే ఆ చర్మం చెత్తబుట్టలో పడుతుంది. తర్వాత దాన్ని ఎక్కడినుంచో తేవాలి. మొదటి కోత సగం దారులు మూసేస్తుందని అన్నది ఇందుకే.

కానీ రేడియేషన్ తప్పదంటే లెక్క మారుతుంది. రేడియేషన్ తగిలిన చర్మం బిగుసుకుంటుంది, రక్తప్రసరణ తగ్గుతుంది. రొమ్ము ఆకారం కోసం లోపల పెట్టే సిలికాన్ సంచీ, అంటే ఇంప్లాంట్ చుట్టూ శరీరం సహజంగా కట్టుకునే పలుచని పొర దళసరి అయి, గట్టిపడి, ఇంప్లాంట్‌ని నొక్కుతుంది. రొమ్ము రాయిలా అవుతుంది, నొప్పి వస్తుంది, ఒక్కోసారి ఇంప్లాంట్ తీసేయాల్సి వస్తుంది. మన దగ్గర చాలామంది చంక గ్రంథుల దాకా పాకిన దశలో వస్తారు కాబట్టి రేడియేషన్ అవసరమయ్యేవాళ్లు ఎక్కువ. అలాంటప్పుడు కొన్నిచోట్ల మధ్యేమార్గంగా, మొదటి ఆపరేషన్‌లో చర్మాన్ని కాపాడే తాత్కాలిక సంచీ ఒకటి ఉంచి, రేడియేషన్ అయ్యాక అసలు పని చేస్తారు. పునర్నిర్మాణం వల్ల జబ్బు తిరగబెడుతుందన్న భయం మాత్రం అక్కర్లేదు. దానివల్ల తిరగబెట్టే అవకాశం పెరగదు, తిరగబెడితే కనుక్కోవడమూ ఆగదు. జాగ్రత్త పడాల్సింది ఇంకొక దాని గురించి. పుండు మానక కీమో వెనక్కి జరగకూడదు. అందుకని కొందరికి ఆగడమే మంచిది.

ఇప్పుడు ఇంప్లాంట్. 1962లో టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో థామస్ క్రోనిన్, ఫ్రాంక్ గెరో అనే ప్లాస్టిక్ సర్జన్లు మొదటి సిలికాన్ సంచీని ఒకామెకి అమర్చారు. అది క్యాన్సర్ కోసం కాదు, రొమ్ము పెంచడానికి. క్యాన్సర్ వైద్యంలోకి అది 1970ల్లో వచ్చింది. చర్మం చాలనప్పుడు ముందు ఖాళీ సంచీ పెట్టి, చర్మం కింద ఉన్న చిన్న మూతలోకి సూదితో వారం వారం కొంచెం కొంచెం సెలైన్ ఎక్కిస్తూ చర్మాన్ని సాగదీసే ఎక్స్‌పాండర్ పద్ధతిని చెడొమిర్ రాడోవన్ రూపొందించాడు. గర్భిణి పొట్ట సాగినట్టే ఇదీ. సాగాక ఆ సంచీ తీసి సిలికాన్ ఇంప్లాంట్ పెడతారు. మొదటి ఆపరేషన్ చిన్నది, ఒంటి మీద వేరే చోట కోత ఉండదు, త్వరగా ఇంటికెళ్లొచ్చు. ఒళ్లు సన్నగా ఉండి పొట్టలో కొవ్వు లేనివాళ్లకి ఇదే అనువు.

అయితే ఇంప్లాంట్ జీవితాంతం ఉండేది కాదని ముందే చెప్పాలి. పదేళ్లకో పదిహేనేళ్లకో మార్చాల్సి రావచ్చు. లోపల చిరిగినా పైకి తెలియదు కాబట్టి అయిదారేళ్లకి ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి ఎమ్మారై లేదా అల్ట్రాసౌండ్ చేయించమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సూచించింది. గరుకు పైపొర ఉన్న ఇంప్లాంట్ల చుట్టూ అరుదుగా లింఫోమా అనే ఒక రకం క్యాన్సర్ వస్తోందని తేలాక, 2019లో అలెర్గాన్ కంపెనీ ఆ రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. పెట్టించుకునేవాళ్లు ఇంప్లాంట్ పేరు, రకం, నంబరు ఉన్న కార్డుని అడిగి తీసుకుని భద్రంగా దాచుకోవాలి. ఆ కార్డు లేకపోతే ఇరవై ఏళ్ల తర్వాత లోపల ఉన్నది ఏ రకమో చెప్పడం డాక్టర్లకి కష్టం.

ఇంకో దారి సొంత కండతో కట్టడం. చర్మాన్ని, కొవ్వుని దాని రక్తనాళంతో సహా ఒక చోటినుంచి ఇంకో చోటికి తిప్పడాన్ని ఫ్లాప్ అంటారు. ఈ ఆలోచన మనకి కొత్తది కాదు. తెగిన ముక్కుని నుదుటి చర్మంతో, మూలం తెగకుండా తిప్పి కట్టే పని మన దేశపు వైద్యులు చేసేవారు. 1794లో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ పుణె ప్రాంతపు అలాంటి చికిత్సని బొమ్మతో సహా అచ్చువేశాకే యూరప్ దాన్ని పట్టుకుంది. రొమ్ము విషయంలో మొదట వాడిన ఫ్లాప్ వీపుది. ఇటలీలో ఇజీనియో తాన్సినీ 1906 నాటికే వీపు వెడల్పు కండరాన్ని చంక కిందుగా ముందుకి తిప్పి పుండు కప్పాడు. హాల్‌స్టెడ్ నీడలో అది మరుగున పడి, మళ్లీ 1970ల్లో బయటికొచ్చింది. వీపు ఫ్లాప్‌కి మైక్రోస్కోపు అక్కర్లేదు, రక్తనాళం నమ్మకమైనది, రేడియేషన్ తగిలిన ఛాతీ మీద కూడా నిలబడుతుంది. కాకపోతే పరిమాణం చాలక చాలాసార్లు కింద ఇంప్లాంట్ కూడా పెట్టాల్సి వస్తుంది. వీపులో కొన్ని వారాలు నీరు చేరుతుంది. బిందె ఎత్తేవాళ్లకి, పొలం పని చేసేవాళ్లకి భుజం బలం కొంత తగ్గితే దాని విలువ వేరు. ఆమె రోజూ ఏ పని చేస్తుందో సర్జన్ అడగకుండా వీపు కండరం మీద చెయ్యి వేయకూడదని నేను గట్టిగా అంటాను.

అందరూ గొప్పగా చెప్పుకునేది పొట్ట ఫ్లాప్. బొడ్డు కిందినుంచి తీసిన కొవ్వు మెత్తదనంలో, వెచ్చదనంలో రొమ్ముకి దగ్గరగా ఉంటుంది. ఒళ్లు బరువెక్కితే అదీ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. 1982లో అట్లాంటాకి చెందిన కార్ల్ హార్ట్రాంఫ్ పొట్ట కండరంతో సహా దాన్ని పైకి తిప్పే ట్రామ్ పద్ధతిని ప్రకటించాడు. కండరం పోతే పొట్ట గోడ బలహీనమై హెర్నియా రావచ్చు, పొట్ట ఉబ్బవచ్చు. దానికి విరుగుడు డీప్ ఫ్లాప్. జపాన్‌లో ఇసావో కోషిమా 1989లో కండరాన్ని ఉంచేసి, దాని గుండా పైకి వచ్చే సన్నని రక్తనాళాలనే విడదీయొచ్చని చూపాడు. 1992లో న్యూఆర్లీన్స్‌లో రాబర్ట్ అలెన్ దాన్ని రొమ్ముకి వాడాడు.

ఆ ఆపరేషన్ గదిలో జరిగేది చెప్పుకోదగ్గది. కండరపు పోగులు విడదీస్తూ రక్తనాళాన్ని లోపలి మూలం దాకా వెతుక్కుంటూ వెళ్తారు. ఫ్లాప్‌ని పూర్తిగా తెంచి బయటికి తీస్తారు. ఆ క్షణం నుంచి దానికి రక్తం లేదు. ఛాతీ నడి ఎముక పక్కన పక్కటెముకల మధ్య ఉన్న నాళానికి, రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉండే చోట, వెంట్రుక కంటే సన్నని దారంతో మైక్రోస్కోపు కింద కుట్టాలి. బిగింపు తీయగానే పాలిపోయిన చర్మం మళ్లీ గులాబీ రంగుకి తిరగాలి. మొత్తం ఆరు నుంచి ఎనిమిది గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మొదటి ఒకటి రెండు రోజులు గంట గంటకీ నర్సు రంగు, వేడి చూసి, చిన్న యంత్రంతో రక్తం పారే చప్పుడు వింటుంది. చప్పుడు ఆగితే అర్ధరాత్రయినా మళ్లీ లోపలికి తీసుకెళ్లాలి. అనుభవమున్న చోట ఫ్లాప్ పూర్తిగా చచ్చిపోవడం నూటికి ఐదు లోపే. ఆ నర్సు, ఆ అర్ధరాత్రి బృందం లేని ఆసుపత్రిలో సర్జన్ ఎంత నేర్పరి అయినా ఈ ఆపరేషన్ చేయించుకోకూడదు.

మన ఆడవాళ్లకి పొట్ట ఫ్లాప్ గురించి ఒక సందేహం వస్తుంది. పొట్ట మీద ఇదివరకే కోత ఉంటే? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. గర్భసంచి తీయించుకున్నవాళ్లూ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలామంది. కింద అడ్డంగా ఉన్న కోత మామూలుగా అడ్డు కాదు. బొడ్డు కింద నిలువుగా ఉన్న కోత ఉంటే, దానికి ఒకవైపు భాగమే నమ్మకంగా వాడుకోవాల్సి రావచ్చు. సీటీ యాంజియోతో నాళాలు ముందే చూస్తారు కాబట్టి పాత కోత ఉందని ఎవరికి వారే వద్దనుకోనక్కర్లేదు. షుగరు అదుపులో లేకపోవడం, ఒళ్లు బాగా బరువుండడం, పొగ తాగడం అంతకంటే పెద్ద అడ్డంకులు. నికోటిన్ సన్నని నాళాల్ని ముడుచుకునేలా చేస్తుంది. ఉత్తరాంధ్రలో అడ్డపొగ (చుట్ట తిరగేసి కాల్చే) అలవాటున్న పెద్దవాళ్లు ఆ సంగతి సిగ్గుపడి దాచకుండా సర్జన్‌కి చెప్పాలి, ఆపరేషన్‌కి కనీసం నాలుగు వారాల ముందే మానాలి.

పొట్టలో కొవ్వు లేకపోతే తొడనుంచీ, పిరుదు నుంచీ తీసే ఫ్లాప్‌లున్నాయి. అవి చేసేవాళ్లు తక్కువ. కొవ్వుని సూదితో పీల్చి ఎక్కించే పద్ధతి మీద అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం 1987లో వద్దని చెప్పి, 2009లో మాట మార్చుకుంది. ఇప్పుడు గుంటలు సర్దడానికి, రేడియేషన్‌తో బిగిసిన చర్మాన్ని మెత్తబరచడానికి బాగా వాడుతున్నారు. ఎక్కించిన కొవ్వులో కొంత కరిగిపోతుంది కాబట్టి రెండు మూడుసార్లు చేయాలి. చనుమొనని చివర్లో, అక్కడి చర్మాన్నే మడిచి కుట్టి, చుట్టూ పచ్చబొట్టుతో రంగు వేసి తయారు చేస్తారు.

ఏ పద్ధతి అయినా పూర్తిగా తిరిగి తేలేనిది స్పర్శ. ఆకారం వస్తుంది, జాకెట్టు కుదురుతుంది, కానీ అక్కడ చెయ్యి వేస్తే చాలాచోట్ల మొద్దుబారి ఉంటుంది. కాలక్రమంలో కొంత రావచ్చు. వేడి నీళ్ల సంచీ పెట్టుకుని తెలియకుండా కాల్చుకున్నవాళ్లున్నారు. ఈ మాట ఆపరేషన్‌కి ముందు చెప్పకపోవడం, నా దృష్టిలో, తప్పు.

మరి ఎవరు ఎక్కువ తృప్తిగా ఉన్నారు? దీన్ని కొలవడానికి ఆండ్రియా పూసిక్ బృందం 2009లో బ్రెస్ట్-క్యూ అనే ప్రశ్నావళి ప్రచురించింది. సర్జన్ ఫొటోలు చూసి మార్కులేసుకునే రోజులు పోయి, ఆమెనే అడిగి రాసుకోవడం అలవాటైంది. అమెరికా, కెనడాల్లోని 11 కేంద్రాల్లో పునర్నిర్మాణం చేయించుకున్నవాళ్లని గమనిస్తూ వచ్చిన అధ్యయన ఫలితాలు 2018లో వచ్చాయి. రెండేళ్లలో ముగ్గురిలో ఒకరికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. సొంత కండతో కట్టించుకున్నవాళ్లకి ఇబ్బందులు ఎక్కువ. అయినా తమ రొమ్ముల పట్ల తృప్తీ వాళ్లకే ఎక్కువ. ఈ రెండు వాక్యాల్నీ కలిపి చెప్పాలి. ఒకటి దాచి ఒకటి చెబితే అది సలహా కాదు.

అసలేమీ వద్దనుకునే హక్కు కూడా ఆమెదే. అమెరికన్ కవయిత్రి ఆడ్రీ లార్డ్ కట్టుడు రొమ్ము పెట్టుకోనని తేల్చి చెప్పి, 1980లో ఆ అనుభవాన్ని పుస్తకంగా రాసింది. వద్దనుకున్నా నీటుగా, మిగులు చర్మం వేలాడకుండా కుట్టించుకోవడం కూడా ఒక పద్ధతే, దాన్నీ ముందే కోరాలి. బయట పెట్టుకునే సిలికాన్ ప్యాడ్‌కి అసలు రొమ్ముకున్నంత బరువుంటుంది, అందుకే దూదిలా పైకి జరగదు, భుజాలు ఒకవైపు వాలవు. ఎండాకాలం దానికింద చెమట పడుతుందని నూలుతో అల్లిన తేలిక రకాలు వాడేవాళ్లున్నారు. చాలామందికి ఇదే చాలు. "ఈ వయసులో ఎందుకు" అని వేరేవాళ్లు తేల్చడం వేరు, "నాకొద్దు" అని ఆమె అనుకోవడం వేరు. అరవై ఏళ్లామె కావాలనుకోవచ్చు, ముప్పై ఏళ్లామె వద్దనుకోవచ్చు.

డబ్బు సంగతి. అమెరికాలో 1998 చట్టం రొమ్ము తొలగింపుకి డబ్బిచ్చే బీమా పునర్నిర్మాణానికి, రెండో రొమ్ముని సమానం చేయడానికి, ప్యాడ్‌కి, చెయ్యి వాపు చికిత్సకి కూడా ఇవ్వాలంది. అక్కడున్న మన అమ్మాయిలకి ఇది తెలిసి ఉండాలి. ఇక్కడ ప్లాస్టిక్ సర్జరీ అంటే సోకు అనుకుని అడగకుండానే వదిలేస్తారు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధనల్లో కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీలకి డబ్బివ్వనక్కర్లేదనే వాక్యంలోనే ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాతి పునర్నిర్మాణానికి మినహాయింపు రాసి ఉంది. పాలసీ కాగితంలో ఆ వాక్యాన్ని వేలు పెట్టి చూపించాలి. ప్రభుత్వ పథకాల్లో ఏ ప్యాకేజీ కింద ఏది వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని ఆపరేషన్‌కి ముందే అడగాలి.

ఇదంతా తెలియక ముందే ఆపరేషన్ అయిపోయినవాళ్లు ఎందరో. వాళ్లకి తలుపు పూర్తిగా మూసుకోలేదు. పదేళ్ల తర్వాత కూడా కట్టించుకోవచ్చు. చర్మం చాలదు కాబట్టి ఎక్కువగా వీపునో పొట్టనో ఆశ్రయించాల్సి వస్తుంది. ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన పొట్ట, వీపు చూస్తారు, రెండో రొమ్ముకి మామోగ్రామ్ చేయిస్తారు, ఆనాడు ఏం తీశారో, రేడియేషన్ ఎక్కడ ఎంత ఇచ్చారో అడుగుతారు. ఆ డిశ్చార్జి కాగితాలు, రేడియేషన్ పుస్తకం బీరువాలో చీరల కిందో, ట్రంకు పెట్టెలోనో ఉండి ఉంటాయి. ముందు వాటిని వెతికి బయటికి తీయాలి.